ఉలి ఆయనది, కుంచె ఆమెది

కొండపల్లి అంబారీ ఏనుగును చూసినవాళ్లు ఒకే చెక్కను తొలిచి చేశారనుకుంటారు. నిజానికి మొండెం వేరు, తొండం వేరు, చెవులు, తోక వేరు. పైనున్న అంబారీ, అందులో కూర్చున్న రాజు, ముందున్న మావటి కూడా విడివిడిగా పుట్టినవాళ్లే. రంగు వేశాక అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు.

ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో కొండ కింద ఉంది బొమ్మల కాలనీ. ఇక్కడ చాలావరకు ఇల్లే కార్ఖానా. మేం వెళ్లిన దంపతుల ఇంట్లో ముందు వసారా ఆయనది, వెలుతురు బాగా పడే కిటికీ పక్క చోటు ఆమెది. ఆయన ముందు బాడిస, ఉలులు, ఆకురాయి. ఆమె ముందు రంగు గిన్నెలు, మేక వెంట్రుకలతో కట్టిన సన్నని కుంచెలు. ఇద్దరి మధ్యా ఆరుతున్న బొమ్మల వరుస.

చెక్క పేరు తెల్ల పొణికి. చుట్టుపక్కల కొండల్లో పెరిగే చెట్టు. ముక్కను చేతిలోకి తీసుకుంటే, చూపుకి తోచిన బరువులో సగమైనా ఉండదు. పచ్చిగా చెక్కితే తర్వాత బీటలిస్తుంది కాబట్టి ముందు ఎండబెట్టి, సన్నని సెగ మీద నెమ్మదిగా తేమ లాగేస్తారు. ఆ తర్వాత ఉలి ఆనపకాయలో దిగినంత సులువుగా దిగుతుంది. అంగుళమంత మావటి తలపాగాకు మడతలు తీర్చగలిగేది ఆ మెత్తదనం వల్లనే.

అవయవాలు అతికే మక్కు మరో వింత. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. కోసినప్పుడు రాలిన పొట్టు మళ్లీ బొమ్మ కీళ్లలోకే చేరుతుందన్నమాట. అది గట్టిపడ్డాక ఆకురాయితో నునుపు చేసి, తెల్లని సున్నపు పూత పూస్తారు. అక్కడితో ఆయన పని అయిపోయినట్టే అనుకున్నాం. కాలేదు.

"ఏవండీ, వీడి కుడి చెయ్యి లావైంది చూడండి," అంటూ ఆమె ఒక కల్లుగీత కార్మికుణ్ని వెనక్కి పంపింది. ఆయన మారు మాట్లాడకుండా రెండు రాపిళ్లు రాపి తిరిగి ఇచ్చాడు. రంగు వేసే మనిషికి తప్పు ముందే కనిపిస్తుందని ఆయనే చెప్పాడు. ఒళ్లు, పంచె, మోకు అన్నీ పూర్తయ్యాక ఆమె కళ్లు దిద్దింది. రెండు నల్లని చుక్కలు, పైన రెండు గీతలు. అంతవరకూ చెక్కగా ఉన్నది మనవైపు చూసింది.

ఇక్కడి ఆర్యక్షత్రియ కుటుంబాలు తమ పూర్వికులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని, ముక్తఋషి తమ మూలపురుషుడని చెప్పుకుంటాయి. కొండ పైనున్న కోట 14వ శతాబ్దపు రెడ్డిరాజుల కాలానిది. కోట గోడలు కూలాయి, బొమ్మలు మిగిలాయి. దశావతారాలు, పెళ్లి పల్లకి, ఎడ్లబండి, రోకలి పట్టిన ఆడవాళ్లు ఇప్పటికీ దసరా, సంక్రాంతి కొలువుల్లో మెట్లెక్కుతూనే ఉన్నారు. బెంగల్లా పొణికి గురించే. చెట్టు ఎదగడానికి ఏళ్లు పడుతుంది, కోత ఆగదు. నాటడం పెరగకపోతే బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉండి కూడా ఉలికి పని దొరకదు.

కొండపల్లి కళాకారుడు అనగానే మనకు ఉలి పట్టిన మగమనిషే గుర్తొస్తాడు. ఇది అన్యాయం. బొమ్మకు ప్రాణం వచ్చే పని చాలా ఇళ్లలో ఆడవాళ్లదే.

విజయవాడ నుంచి కొండపల్లి సుమారు 20 కిలోమీటర్లు. హైదరాబాద్ రహదారిలో ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి కుడివైపు మళ్లాలి. కాజీపేట మార్గంలో రైల్వేస్టేషనూ ఉంది. ఉదయం పూట వెళ్తే చెక్కడం, రంగులు వేయడం రెండూ చూడొచ్చు. తయారుచేసే ఇంట్లోనే కొనండి. చెక్కినవారి పేరుతో పాటు రంగు వేసినవారి పేరూ అడిగి, బొమ్మ అడుగున రాయించుకోండి.