నీళ్ళ కింద నుంచి చూస్తే

తొలకరి వాన వెలిసిన సాయంత్రం మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో దీపాల చుట్టూ ఉసిళ్ళు ఎట్లా ముసురుతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రెక్కలు రాలిన ఉసిళ్ళు నేల మీద పాకుతుంటే ఇంట్లో కోళ్ళకు ఆ పూట పండగే. అదే సాయంత్రం చెరువు కట్ట మీదికి పోయి చూడండప్పా. నీళ్ళ మీద పడ్డ ఉసిళ్ళను చేపలు టప్, టప్ మని అందుకుంటుంటాయి. టప్ మన్న చోటల్లా ఒక వలయం లేచి, విచ్చుకుంటూ గట్టు దాకా వస్తుంది. ఈ విందు చూసిన మనిషికి ఎప్పుడో ఒక ఆలోచన వచ్చింది. పురుగును ముల్లుకు గుచ్చే బదులు, పురుగులాంటిదాన్ని మనమే కట్టి నీళ్ళ మీద వదిలితే?

ఈ ఆలోచన చాలా పాతది. ఏలియన్ అని రోమన్ కాలపు రచయిత ఒకాయన ఉన్నాడు. మాసిడోనియాలో జాలర్లు ముల్లుకు ఎర్ర ఉన్ని చుట్టి, రెండు ఈకలు కట్టి నదిలో చేపల్ని పట్టేవాళ్ళని ఆయన దాదాపు 1800 ఏళ్ళ కిందట రాసిపెట్టాడు. ఇప్పుడు దాన్నే ఫ్లై ఫిషింగ్ అంటున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలు సెలవు రోజు లైసెన్సు తీసుకుని, ఊరి పక్క చెరువులో బాస్ అనే పెద్ద నోటి చేపకూ, బ్లూగిల్ అనే అరచేతి చేపకూ ఈ గాలం వేస్తారు. ఆ రెండూ మన చెరువుల్లో ఉండవు. వాటిలా బతికేవి మాత్రం మనకూ ఉన్నాయి. జమ్ములో, నాచు చాటున కదలకుండా పొంచి ఉండి కప్పనైనా పక్కెనైనా ఒక్క ఊపున మింగేది మన కొరమేను. ఒడ్డు దగ్గర మట్టిలో గుంట తవ్వి కాపురం పెట్టేది జిలేబి చేప. జిలేబి మన దేశపుది కాదు, ఆఫ్రికాది. 1952లో దాన్ని మన దేశానికి తెచ్చారు. తల్లి జిలేబి గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. ఎక్కువగా నాచు తింటుంది గానీ పురుగు ఎదురుపడితే వదలదు.

ఈ ఉత్తుత్తి పురుగును కట్టడం ఎట్లాగంటారా? ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్పగారు నేతవాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు. అక్కడ నూలుపోగుకు కరువా? చిన్న ముల్లు తీసుకుని దాని కాడకు ఎర్ర నూలు ఒత్తుగా చుట్టండి. పుంజు మెడ ఈక మొదలును ఆ నూలుతోనే బిగించి, ఈకను కాడ చుట్టూ నాలుగైదు సార్లు తిప్పి కట్టేయండి. ఈక పోగులు నాలుగు వైపులా విచ్చుకుని పురుగు కాళ్ళలా నిలుస్తాయి. నీళ్ళ మీద వదిలితే ఆ కాళ్ళను నీటి పైపొర మీద ఆనించి పురుగు తేలుతుంది. నీటికి పైపొర ఏమిటని అడుగుతారు. గిన్నెలో నీళ్ళు పోసి, పొడి సూదిని అడ్డంగా, మెల్లగా పైన పెట్టి చూడండి, మునగదు. నీటి కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని లాక్కుంటూ ఉంటాయి. పైన ఉన్న కణాలకు పట్టుకోవడానికి పైవైపు తోడు లేదు కాబట్టి పక్కవాటినీ కిందవాటినీ గట్టిగా పట్టుకుంటాయి. అదే తలతన్యత.

ఇక విసరడం. మామూలు గాలానికి సీసపు గుండో, ఎర బరువో ఉంటుంది, అది పోతుంటే దారం వెనకాల పోతుంది. ఈక పురుగుకు బరువెక్కడిది? అందుకే ఇక్కడ బరువంతా దారంలో పెట్టారు. మొదట లావుగా, చివరికి సన్నగా ఉండే దారం అది. బండి తోలేవాడి చర్నాకోల చూశారుగా, పిడి దగ్గర లావు, కొసన సన్నం. చేతి ఊపు లావు నుంచి సన్నానికి పాకే కొద్దీ లాగాల్సిన బరువు తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. కొస చెళ్ళుమందంటే, ఆ క్షణాన అది ధ్వని కంటే వేగంగా, సెకనుకు 340 మీటర్లు దాటి కదిలిందన్నమాట! గాలం దారానికి అంత వేగం అక్కర్లేదు. ఈక పురుగు ఉసిలి రాలినంత మెత్తగా నీళ్ళ మీద దిగితే చాలు.

చేపల వేటను చదువుగా చూడటం మన తుంగభద్ర సీమకు కొత్త కాదు. ఈ సీమను ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాయించాడు. అందులో మత్స్యవినోదమని గాలం వేట మీద ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎక్కడ తిరుగుతుందో, దేనికి ఏ మేత వేయాలో ఓపికగా చెప్పారు. సుందర్‌లాల్ హోరా అనే మత్స్య శాస్త్రవేత్త 1951లో దాని మీద వ్యాసం రాశాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్.థామస్ అనే తెల్లదొర 1887లో మన దేశపు చెరువుల్లో గాలం వేయడం మీదనే ఒక పుస్తకం వేశాడు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. చేపను పట్టాలంటే చేపకు ప్రపంచం ఎట్లా కనబడుతుందో తెలియాలి. వెడల్పు గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది అంచు చాటుకు పోయేదాకా వెనక్కి జరగండి. ఇంకొకరిని నీళ్ళు పోయమనండి. బిళ్ళ పైకి లేచినట్టు మళ్ళీ కనబడుతుంది. వెలుగు నీళ్ళలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది, అందుకే. ఇప్పుడు తిరగేసి ఆలోచించండి. కింద ఉన్న చేపకు పైనున్న ఆకాశం, గట్టు, చెట్లు, మీరు, అందరూ వంగిన వెలుగులోనే కనబడతారు. ఈ లోకమంతా దాని తల మీద ఒక గుండ్రటి కిటికీలో ఇరుక్కుని ఉంటుంది. మీటరు లోతులో ఉన్న చేపకు ఆ కిటికీ అడ్డం రెండుంబావు మీటర్లు. దాని అవతల నీటి పైభాగం అద్దమైపోయి చెరువు అడుగే కనబడుతుంది. కిటికీ అంచున ఉన్నవి అణిగి సన్నబడిపోతాయి. అందుకే గట్టు మీద నిలువునా నిలబడిన వాడు చేపకు దొరికిపోతాడు, వెనక్కి జరిగి గొంతుక్కూర్చున్న వాడు దొరకడు. ఎంత హాయైన సంగతో చూడండి, ఒక రూపాయి బిళ్ళతో చెరువు లోపలికి పోయి చూసొచ్చాం!

“తాతా, మాట్లాడితే చేపలు పారిపోతాయా?” అని పిల్లలు అడుగుతుంటారు. గాలిలో పుట్టిన శబ్దంలో వెయ్యో వంతు శక్తి మాత్రమే నీళ్ళలోకి దిగుతుంది, మిగిలింది పైనుంచే తిరిగిపోతుంది. కబుర్లు చెప్పుకోండి, ఫర్వాలేదు. గట్టు మీద ధన్‌ధన్‌మని నడవొద్దు, ఆ అదురు మట్టిలోంచి నీళ్ళలోకి పాకుతుంది. బొచ్చె, పక్కె, జెల్లలకు గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు ఉంటుంది, వాటికి వినికిడి మెండు. కొరమేనుకు ఆ గొలుసు లేదు. అయినా దాదాపు చేపలన్నిటికీ ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. నీటి కదలికను పసిగట్టే కణాలు ఆ గీత వెంబడి ఉంటాయి. వానకు మన నల్లరేగడి కరిగి చెరువు బురదెక్కినప్పుడు కంటికేమీ ఆనదు. అప్పుడు కప్ప తన్నుకున్న చోటికి కొరమేనును తీసుకుపోయేది ఆ గీతే.

కొరమేనుకు ఇంకో విద్య ఉంది. మొప్పలతో దానికి ఊపిరి చాలదు. పైకి వచ్చి గాలి గుటక వేసి, తలలో ఉన్న గదిలో నింపుకుంటుంది. రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చస్తుంది. బజారులో కొరమేను తొట్టిలో గంటల తరబడి బతికుండేది ఈ విద్య వల్లే. ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కి ప్రాణవాయువు తగ్గిపోయి మిగతా చేపలు తేలిపోతున్నా ఇది నిబ్బరంగా ఉంటుంది.

ఈ వానాకాలం మీరు గాలం పట్టుకుని బయల్దేరితే రెండు మాటలు గుర్తుంచుకోండి. కాలువ నీళ్ళు నింపి ఊళ్ళకు తాగునీరిచ్చే చెరువుల జోలికి పోవద్దు. పల్లె చెరువైనా అక్కడి జాలరి సంఘం వాళ్ళను అడిగే వేయండి, ఆ చేప వాళ్ళ కూడు. ఇంకొకటి, జమ్ము పక్కన నీళ్ళ మీద ఎర్రగా, గుత్తిగా కదిలే పిల్లల గుంపు కనబడితే అవి కొరమేను పిల్లలు. వాటి అడుగునే తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. పిల్లల మీదికి ఏది వచ్చినా ఎగిరి కరుస్తాయి కాబట్టి అప్పుడు పట్టడం చాలా తేలిక. కానీ పెద్దవి పోతే పక్కెలూ కొంగలూ ఆ పిల్లల్ని మిగల్చవు. అక్కడ గాలం చుట్టేసి ఇంకో గట్టుకు పోండి నాయనా.