గడ్డకట్టే చలిలో కారుకు హీటరు అవసరమా?

చలికాలంలో మన హాస్టల్లో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టనిదే చుక్క రాలదు. మరి సున్నాకు దిగువన 30 డిగ్రీల సెల్సియస్ చలిలో రాత్రంతా బయట ఉన్న కారు సంగతేమిటి? కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్ నగరాల్లో జనవరిలో అలాంటి రోజులుంటాయి. అందుకే అక్కడ చాలాచోట్ల కార్లు నిలిపే స్థలంలో కరెంటు ప్లగ్గులు కనిపిస్తాయి. పెట్రోలు, డీజిల్ కార్ల ఇంజన్లను వెచ్చబెట్టే హీటర్ల కోసమే అవి.

చలి ఇంజన్‌ను రెండు వైపుల నుంచి దెబ్బతీస్తుంది. మనం భౌతికశాస్త్రంలో చదివే స్నిగ్ధత ఒకటి. చల్లబడేకొద్దీ ఆయిలు చిక్కబడి ఇంజన్ తిరగడం బరువవుతుంది. రెండోది బ్యాటరీ. చలికి దానిలోని రసాయన చర్యలు మందగిస్తాయి. అంటే ఎక్కువ బలం కావలసిన సమయానికే బ్యాటరీ బలం తగ్గిపోతుందన్నమాట! పైగా చల్లటి పెట్రోలు సరిగా ఆవిరి కాదు.

ఇంజన్ బ్లాక్ హీటరు మనం బకెట్లో నీళ్లు కాచుకునే హీటరు లాంటిదే. ఇంజన్ చుట్టూ ఉండే కూలెంట్ ద్రవాన్ని వేడి చేస్తుంది. ఆ వేడి ఇంజనుకు, కొంత ఆయిలుకూ చేరుతుంది. అమెరికాలోని ఉత్తర డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్‌కు ఇలాంటి హీటరుపై 1949లో పేటెంటు లభించింది.

ఇది అన్ని కార్లకూ కావాలా? అక్కరలేదు. చలిలోనూ పారే సింథటిక్ ఆయిలు వాడే నేటి కార్లు కొద్దిపాటి చలిలో హీటరు లేకుండానే స్టార్టవుతాయి. మైనస్ 15 డిగ్రీలు దాటితే హీటరు వల్ల పెట్రోలు ఆదా, ఇంజను అరుగుదల తగ్గుదల ఉంటాయి. మైనస్ 30 దగ్గర, బయట నిలిపిన కారుకు అది దాదాపు తప్పనిసరే. డీజిల్ బండ్లకైతే ఇంకా ముందే కావాలి.

ఖర్చు లెక్క వేద్దాం. 400 వాట్ల హీటరు రాత్రి 10 గంటలు నడిస్తే 4 యూనిట్లు. బయలుదేరే ముందు 2 గంటలు చాలు కనుక, టైమరు పెడితే 0.8 యూనిట్టే!

జాగ్రత్తలు మరవకూడదు. హీటరున్నా కూలెంట్‌లో యాంటీఫ్రీజ్ ఉండాల్సిందే. బయట వాడదగిన మూడు పిన్నుల వైరే వాడాలి. బండి కదిపే ముందు ప్లగ్గు తీయాలి. ముఖ్యంగా, మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి వెచ్చబెట్టరాదు. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణం తీస్తుంది.

మన లంబసింగి చలికి ఈ హీటరుతో పనిలేదు. అయితే రేపు మనలో ఎవరైనా చదువుకో, ఉద్యోగానికో ఆ మంచుదేశాలకు వెళ్లవచ్చు. అక్కడ నిర్జన రహదారిపై బండి మొరాయిస్తే అది ప్రాణాపాయమే. తమ్ముళ్లూ, స్నిగ్ధత పాఠాన్ని మార్కుల కోసమే కాదు, బతుకు కోసం కూడా చదవండి.