కొత్త రంగు కింద పాత చెమ్మ

ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకోగానే చాలామంది ముందుగా పెయింటర్‌ను పిలుస్తారు. గోడలు మెరిస్తే మంచి ధర పలుకుతుందని ఆశ. తెల్ల రంగు తనపై పడిన కాంతిలో అధిక భాగాన్ని తిప్పి పంపుతుంది కాబట్టి గది విశాలంగా కనిపించే మాట నిజమే. కానీ గోడలో చెమ్మ ఉంటే, ఆ ఖర్చంతా కొన్ని నెలల్లోనే పెచ్చులుగా రాలిపోతుంది.

ఇటుకలోనూ సిమెంటు పూతలోనూ కంటికి కనిపించని సన్నని రంధ్రాలు ఉంటాయి. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే, ఇవి నేలలోని నీటిని పైకి లాగుతాయి. దీన్నే కేశనాళికీయత అంటారు. పునాదిపై మేస్త్రీలు డీపీసీ అని పిలిచే తేమ నిరోధక పొర లేకపోయినా, దెబ్బతిన్నా చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. నీటితోపాటు కరిగిన లవణాలూ వస్తాయి. నీరు ఆవిరైనప్పుడు లవణాలు స్ఫటికాలుగా మారి, రంధ్రాల గోడలను నెట్టి పూతను పగలగొడతాయి. గోడపై కనిపించే తెల్లటి పొడి ఆ లవణాలదే. దానిపై ప్లాస్టిక్ లాంటి పొర ఏర్పరచే రంగు వేస్తే, బయటకు పోలేని తేమ రంగును బుడగలుగా లేపుతుంది.

చెమ్మ గోడలపై బూజు పెరుగుతుంది. ఆ వాసన ఇంట్లో ఉండేవారికి తెలియదు. నిరంతరం ఉండే వాసనకు ముక్కు అలవాటు పడిపోతుంది. కొనడానికి వచ్చినవారికి మాత్రం గుమ్మంలోనే తెలుస్తుంది. అగరొత్తులు దాన్ని కాసేపు కప్పగలవు, అంతే. తేమ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాస సమస్యలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అందుకే రంగు కన్నా ముందు పరీక్ష అవసరం. అనుమానం ఉన్నచోట పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచాలి. గోడవైపు నీటి బిందువులు చేరితే తేమ గోడలో ఉన్నట్లు. గదివైపు చేరితే గాలిలోని తేమే కారణం. గాలి వెలుతురు ఆడేలా చేస్తే చాలు. మచ్చ నేల దగ్గరుంటే పునాదిని, స్నానాలగది పక్కనుంటే పైపులను, పైకప్పు దగ్గరుంటే శ్లాబును చూడాలి.

నీరు వచ్చే దారి మూసి, లవణాలను పొడి బ్రష్‌తో దులపాలి. నీటితో కడిగితే అవి కరిగి మళ్లీ గోడలోకే పోతాయి. మందపాటి ఇటుక గోడ ఆరడానికి నెలలు పడుతుంది. కాబట్టి వానాకాలంలో లీకులు గుర్తించి, మరమ్మతు చేయించి, గోడలు బాగా ఆరాక ఎండాకాలంలో రంగు వేయించడం మేలు.

గోడ ఆరకముందే అమ్మాల్సివస్తే, కొనేవారికి చెప్పడమే దారి. మామూలు జాగ్రత్తతో చూసినా కొనుగోలుదారు కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవారికి తెలిసి ఉంటే, దాన్ని బయటపెట్టాల్సిన బాధ్యత వారిదేనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. కొత్త రంగు చెమ్మను కొన్నాళ్లు దాచగలదు. తొలి వానలకు అది మళ్లీ బయటపడుతుంది.