శ్రోతల అభిప్రాయం – అపేక్ష, అభ్యాసం, తీరిక: ‘కిడ్ ఏ’ ఆల్బమ్ స్పందనల పరిశీలన, సుల్తాన్‌పూర్ క్షేత్రపరిశోధనకు సూచనలు

వ్యాససంగ్రహం:
ఒక ఆల్బమ్ గురించి శ్రోతలు చెప్పే మాటను ఆ ఆల్బమ్ గుణదోషాలపై తీర్పుగా స్వీకరించడం పరిపాటి. అయితే ఆ మాట సంగీతాన్ని గురించి ఎంత చెబుతుందో, దానిని విన్న మనిషిని గురించీ అంతే చెబుతుంది. బ్రిటిష్ రాక్ బృందం రేడియోహెడ్ 2000లో వెలువరించిన ‘కిడ్ ఏ’ ఆల్బమ్‌కు తొలుతా, ఆ తరువాతా లభించిన స్పందనలను యౌస్ ప్రతిపాదించిన అపేక్షల పరిధి, అభినవగుప్తుడు వివరించిన సహృదయత్వం అనే భావనల ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. విద్యార్థులూ కార్మికులూ దగ్గరదగ్గరగా జీవించే సంగారెడ్డి – పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతంలో ఇటువంటి అభిప్రాయసేకరణ చేసే పరిశోధకులకు కొన్ని సూచనలు చేస్తుంది.

కీలకపదాలు: శ్రోత, అపేక్షల పరిధి, సహృదయుడు, తీరిక, రేడియోహెడ్, సుల్తాన్‌పూర్.

1. ఉపోద్ఘాతం:
సంగీతంపై శ్రోతల అభిప్రాయాలను సేకరించే పరిశోధనకు సాధారణంగా ఒక ప్రశ్నావళి ఆధారంగా ఉంటుంది. పాట వినిపించడం, నచ్చిందా లేదా అని అడగడం, సమాధానాలను శాతాలుగా పట్టికలో చూపడం అందులోని దశలు. ఈ పద్ధతి సులువైనది, అయితే అసంపూర్ణమైనది. నచ్చలేదన్న శ్రోత ఏమి ఆశించి విన్నాడు, ఎన్నిసార్లు విన్నాడు, ఏ స్థితిలో విన్నాడు అన్న ప్రశ్నలకు శాతాల పట్టిక సమాధానం చెప్పదు. ఆ సమాధానాలు లేకుండా చేసే నిర్ణయం కృతికీ అన్యాయం చేస్తుంది, శ్రోతకూ అన్యాయం చేస్తుంది. శ్రోత కార్మికుడైతే ఈ అన్యాయం మరింత పెరుగుతుంది. అతనికి వినే వ్యవధి లేకపోవడాన్ని అభిరుచి లేకపోవడంగా పరిశోధన నమోదు చేసే ప్రమాదం ఉంది.

ఈ విషయాన్ని స్పష్టం చేయడానికి ‘కిడ్ ఏ’ తగిన ఉదాహరణ. దాని తొలి స్పందనలలో తీవ్రమైన విభేదం ఉంది. పదేళ్లలోపే ఆ అంచనా గణనీయంగా మారింది. ఆ మధ్యకాలంలో ఆల్బమ్‌లో ఒక్క స్వరం కూడా మారలేదు.

2. ఆల్బమ్ నేపథ్యం:
రేడియోహెడ్ ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన అబింగ్డన్‌లో 1985లో ఏర్పడిన ఐదుగురు సభ్యుల బృందం. 1997లో వచ్చిన ‘ఓకే కంప్యూటర్’ ఆల్బమ్‌తో వారికి ప్రపంచవ్యాప్తమైన గుర్తింపు లభించింది. గిటార్లపై నిర్మితమైన విస్తారమైన రాక్ సంగీతం వారి నుంచి మళ్లీ వస్తుందని అభిమానులు మూడేళ్లు ఎదురుచూశారు.

2000 అక్టోబరులో విడుదలైన ‘కిడ్ ఏ’ ఆ నిరీక్షణకు భిన్నంగా వచ్చింది. పది రచనలున్న ఈ ఆల్బమ్‌లో ఎలక్ట్రానిక్ ధ్వనులు, లయయంత్రాలు, జాజ్ ఛాయలున్న లోహవాద్యాలు ప్రముఖంగా వినిపిస్తాయి. ఫ్రాన్సులో 1928లో రూపొందిన ‘ఓండ్ మార్తెనో’ అనే తొలితరం ఎలక్ట్రానిక్ వాద్యాన్ని జానీ గ్రీన్‌వుడ్ ఇందులో వాయించాడు. ‘ఇడియోటెక్’ అనే రచనకు అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటర్‌పై కూర్చిన సంగీతంలోని ఒక భాగం ఆధారం. గాయకుడు టామ్ యార్క్ కొన్ని గీతాలకు వాక్యాలను చీటీలుగా కత్తిరించి, టోపీలో వేసి, తీసిన క్రమంలో కూర్చాడు. శీర్షికాగీతంలో అతని గొంతును గుర్తుపట్టలేనంతగా మార్చారు. ప్రచారం కోసం పాటలను విడిగా సింగిల్స్‌గా విడుదల చేయలేదు.

3. తొలి స్పందనలు:
ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అమ్మకాల పట్టికలో ప్రథమస్థానంలో నిలిచింది. అమెరికాలో తొలివారంలోనే 2 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఈ సంఖ్యను శ్రోతల ఆమోదంగా భావించడం పొరపాటవుతుంది. నాప్‌స్టర్ ద్వారా కొందరు విడుదలకు ముందే విన్నప్పటికీ, తొలివారపు కొనుగోలుకు ప్రధాన ప్రేరణ ‘ఓకే కంప్యూటర్’పై ఏర్పడిన నమ్మకం. అమ్మకం అపేక్షకు కొలమానం, అనుభవానికి కాదు.

విమర్శకుల మాటలు ఇందుకు భిన్నంగా ఉన్నాయి. బ్రిటిష్ వారపత్రిక ‘మెలడీ మేకర్’లో మార్క్ బోమాంట్ ఐదు మార్కులకు ఒకటిన్నర ఇచ్చాడు. అదే సమయంలో అమెరికాకు చెందిన ‘పిచ్‌ఫోర్క్’ పదికి పది ఇచ్చింది. 2001లో ఉత్తమ ఆల్టర్నేటివ్ ఆల్బమ్ విభాగంలో గ్రామీ పురస్కారం లభించింది. 2009 నాటికి ‘రోలింగ్ స్టోన్’, ‘పిచ్‌ఫోర్క్’ రెండూ దీనిని ఆ దశాబ్దపు అత్యుత్తమ ఆల్బమ్‌గా ప్రకటించాయి.

4. అపేక్షల పరిధి:
జర్మన్ సాహిత్య సిద్ధాంతకర్త హాన్స్ రాబర్ట్ యౌస్ 1967లో కాన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయంలో చేసిన ప్రసంగంలో ‘అపేక్షల పరిధి’ అనే భావనను వివరించాడు. పాఠకుడు ఏ కృతినీ శూన్యమనస్సుతో చదవడు. అంతకుముందు చదివిన కృతులు, ఆ ప్రక్రియపై ఉన్న అవగాహన, భాషపై ఉన్న అలవాటు కలిసి అతనిలో ఒక పరిధిని ఏర్పరుస్తాయి. కొత్త కృతికీ ఆ పరిధికీ మధ్య ఉన్న ఎడమే తొలి స్పందనను నిర్ణయిస్తుంది. ఫ్లోబేర్ ‘మదామ్ బొవరీ’తో దాదాపు ఒకే కాలంలో వచ్చిన ఫేడో నవల ‘ఫానీ’ అప్పట్లో ఎక్కువ ఆదరణ పొంది, తరువాత మరుగున పడిందని యౌస్ ఉదహరించాడు. పరిధి మారినప్పుడు కృతుల స్థానాలు తారుమారవుతాయి.

‘కిడ్ ఏ’ విషయంలో ఈ ఎడం స్పష్టంగా కనిపిస్తుంది. ఇందులో గిటారే లేదన్న మాట తరచుగా వినిపించింది. వాస్తవానికి ‘ఆప్టిమిస్టిక్’ వంటి గీతంలో గిటారే ప్రధానం. అంటే అపేక్ష భగ్నమైన శ్రోతకు ఉన్నదీ లేనట్టే తోస్తుంది. అభిప్రాయం మాత్రమే కాక, దానికి ఆధారంగా చూపే వర్ణన కూడా అపేక్షకు లోబడే ఉంటుందని పరిశోధకుడు గుర్తించాలి.

ఇదే పరిణామాన్ని కర్ణాటక సంగీతంలో తెలుగువారు చూశారు. పాలకొల్లులో 1969లో జన్మించిన యు.శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో మాండొలిన్ వాయించినప్పటికి అది కచేరీ వాద్యం కాదు. పాశ్చాత్య వాద్యంపై గమకం పలకదన్న అభ్యంతరాలు ఎదురయ్యాయి. జంట తీగల స్థానంలో ఒంటి తీగలు అమర్చి, విద్యుత్ మాండొలిన్‌పై ఆయన గమకాన్ని పలికించాడు. కాలక్రమంలో వాద్యం పేరే ఆయన ఇంటిపేరైంది. అంతకు చాలాముందే వయొలిన్ ఇదే దారిలో కచేరీ వేదికను చేరింది. అయితే ఒక భేదం ఉంది. మాండొలిన్ విషయంలో వాద్యం కొత్తది, రాగం పాతది. ‘కిడ్ ఏ’లో పాట స్వరూపమే మారింది. శ్రోత పట్టుకోవడానికి మిగిలిన పరిచితాంశం తక్కువ కావడం వల్ల ఎడం పెరిగింది.

5. సహృదయత్వం – తీరిక:
అపేక్ష ఒక్కటే అభిప్రాయాన్ని నిర్ణయిస్తే, పదే పదే విన్నప్పుడు అది మారడానికి కారణం ఏమిటన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి భారతీయ అలంకారశాస్త్రం సమాధానం చూపుతుంది. ఆనందవర్ధనుని ‘ధ్వన్యాలోకం’పై రచించిన ‘లోచన’ వ్యాఖ్యలో అభినవగుప్తుడు సహృదయుణ్ణి నిర్వచించాడు. కావ్యాలను నిరంతరం పరిశీలించే అభ్యాసం వల్ల మనస్సు తుడిచిన అద్దంలా నిర్మలమై, వర్ణ్యవస్తువుతో తాదాత్మ్యం పొందగలిగినవాడు సహృదయుడని దాని సారాంశం. ఇందులో కీలకపదం అభ్యాసం. అభ్యాసానికి కాలం కావాలి. ఆ కాలం అందరికీ సమానంగా దొరుకుతుందా అన్నది ఆ నిర్వచనంలో రాని ప్రశ్న.

ఆ ప్రశ్నను ‘కిడ్ ఏ’ సందర్భంలో నవలాకారుడు నిక్ హోర్న్‌బీ లేవనెత్తాడు. రికార్డుల దుకాణం నేపథ్యంగా ‘హై ఫిడెలిటీ’ నవల రాసిన ఆయన 2000 అక్టోబరులో ‘న్యూయార్కర్’ పత్రికలో ఈ ఆల్బమ్‌ను విమర్శించాడు. రాత్రుల తరబడి కూర్చుని వింటే తప్ప అంతుపట్టని సంగీతం పదహారేళ్లవారికి సరిపోతుందని, ఉద్యోగమూ పిల్లలూ ఉన్నవారికి అంత వ్యవధి ఉండదని ఆయన వాదసారం. ఆల్బమ్‌పై ఆయన నిర్ణయాన్ని అంగీకరించకపోయినా, వ్యవధిని గురించి ఆయన చెప్పిన మాటను తోసిపుచ్చలేము.

వయస్సునూ స్థితినీ బట్టి ప్రేక్షకుల ఆదరణ మారుతుందని భరతుడు నాట్యశాస్త్రంలో ఏనాడో చెప్పాడు. యువకులు శృంగారానికి, వృద్ధులు పురాణకథలకు ఆనందిస్తారని ఆయన విభజించాడు. భరతుని విభజనకూ హోర్న్‌బీ అభ్యంతరానికీ మధ్య ఒక సూక్ష్మభేదం ఉంది. మొదటిది ప్రవృత్తిని గురించినది, రెండవది అవకాశాన్ని గురించినది. వినడానికి ఇష్టం లేకపోవడం, వినడానికి వ్యవధి లేకపోవడం వేర్వేరు విషయాలు. ప్రశ్నావళిలో రెండూ ‘నచ్చలేదు’ అన్న ఒకే గడిలో చేరిపోతాయి.

6. వినే పరిస్థితి:
మూడవ అంశం శ్రవణసాధనం. బీటిల్స్ బృందం 1967లో విడుదల చేసిన ‘సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ ఆల్బమ్‌ను ‘న్యూయార్క్ టైమ్స్’లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ తీవ్రంగా విమర్శించాడు. దానిని ఖండిస్తూ పాఠకుల నుంచి ఉత్తరాలు వెల్లువెత్తాయి. తాను విన్నప్పుడు స్టీరియోలో లోపం ఉందని గోల్డ్‌స్టీన్ అనంతరకాలంలో వెల్లడించాడు. వృత్తి విమర్శకుని విషయంలోనే సాధనం ఇంత ప్రధానమైతే, ఫోను స్పీకరులో రణగొణధ్వనుల మధ్య వినే శ్రోత విషయంలో దానిని విస్మరించడం శాస్త్రీయం కాదు.

7. సుల్తాన్‌పూర్ సందర్భం – పరిశోధకులకు సూచనలు:
సంగారెడ్డి జిల్లాలో సుల్తాన్‌పూర్ పేరుతో రెండు ప్రదేశాలు ప్రసిద్ధం. ఒకచోట జె.ఎన్.టి.యు. హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మరొకటి పటాన్‌చెరు – అమీన్‌పూర్ సమీపాన వైద్యపరికరాల పార్కు ఉన్న ప్రదేశం. ఒకే పేరున్న ఈ రెండు చోట్లు పై చర్చకు తగిన క్షేత్రాలు. హాస్టల్ గదిలో ఇయర్‌ఫోన్లతో రాత్రి పొద్దుపోయేదాకా వినగల విద్యార్థి ఒకవైపు, షిఫ్టు ముగించుకుని వచ్చే కార్మికుడు మరొకవైపు ఉంటారు. కార్మికులలో తెలుగువారితో పాటు బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారూ ఉంటారు. ఇక్కడ ‘కిడ్ ఏ’ వంటి ఆల్బమ్‌ను వినిపించి అభిప్రాయాలు సేకరించదలచినవారు ఈ అంశాలు పాటించడం అవసరం.

అ) ముందుగా అపేక్షను నమోదు చేయాలి. పాట వినిపించక ముందే, శ్రోత రోజూ వినే సంగీతం ఏది, ‘రాక్’ అన్న మాటకు అతను చెప్పుకొనే అర్థం ఏమిటి అని అడగాలి.

ఆ) ఒకే శ్రవణంతో ఆగకూడదు. కొన్ని రోజుల వ్యవధితో కనీసం మూడుసార్లు వినిపించి, ప్రతిసారీ అభిప్రాయాన్ని విడిగా రాయాలి. స్థిరమైన అభిప్రాయం కన్నా మారిన అభిప్రాయమే ఎక్కువ సమాచారం ఇస్తుంది.

ఇ) తీరికను చలరాశిగా గుర్తించాలి. పనిగంటలు, షిఫ్టు, ప్రయాణసమయం, ఇంటిపనుల భారం నమోదు కావాలి. రాత్రి షిఫ్టు తరువాత విన్న మాటనూ సెలవురోజున విన్న మాటనూ ఒకే గంపలో వేయరాదు. ఇంటిపనీ బయటిపనీ రెండూ చేసే స్త్రీల విషయంలో ఇది మరింత ముఖ్యం.

ఈ) భాష అర్థం కాకపోవడాన్ని జాగ్రత్తగా విశ్లేషించాలి. చీటీలుగా కత్తిరించి కూర్చిన వాక్యాలు ఆంగ్లం మాతృభాషగా ఉన్నవారికీ స్పష్టమైన అర్థం ఇవ్వవు. కాబట్టి ‘అర్థం కాలేదు’ అన్న తెలుగు శ్రోత మాట అన్నివేళలా భాషాలోపం కాదు. అది రచనాస్వభావాన్ని సరిగ్గా గుర్తించిన మాట కావచ్చు.

ఉ) శ్రోత మాటను అతని మాండలికంలోనే రాసుకోవాలి. ఒక శ్రోత ‘పాటలెక్క లేదు’ అన్నాడనుకుంటే, దానిని ‘నచ్చలేదు’ అని మార్చి రాయడం సమాచారాన్ని నష్టపరచడమే. ఆ మాట ఇష్టానిష్టాలను చెప్పడం లేదు. పాట అంటే ఎలా ఉండాలో అతనికి ఉన్న భావనను చెబుతున్నది. యౌస్ చెప్పిన అపేక్షల పరిధి ఆ రెండు పదాలలోనే ఉంది.

8. ముగింపు:
పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. శ్రోత అభిప్రాయం కృతికీ, శ్రోత అపేక్షకూ మధ్య ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. కేవలం కృతి విలువను తెలుపదు.

2. అమ్మకాలు, వీక్షణల సంఖ్యలు అపేక్షను సూచించవచ్చు. వాటిని అనుభవానికి ప్రమాణంగా గ్రహించరాదు.

3. సహృదయత్వం అభ్యాసంతో సిద్ధిస్తుంది. అభ్యాసానికి తీరిక అవసరం. తీరిక సమాజంలో సమానంగా పంపిణీ కాలేదు కనుక, అభిరుచిని కొలిచే పరిశోధన తీరికను కూడా కొలవాలి.

4. శ్రవణసాధనం, వేళ, మాండలికం అభిప్రాయంలో భాగాలే.

‘కిడ్ ఏ’ తన శ్రోతలను సంపాదించుకోవడానికి కాలం పట్టింది. ఆ కాలాన్ని వెచ్చించగలిగినవారి మాటే చివరికి చరిత్రలో నిలిచింది. వెచ్చించలేనివారి మాట వారి అసమర్థతగా మిగలకుండా చూడవలసిన బాధ్యత క్షేత్రానికి వెళ్లే పరిశోధకునిపై ఉంది. సుల్తాన్‌పూర్ విద్యార్థికీ కార్మికునికీ ఒకే పాట వినిపించి సమాధానాలను పోల్చేముందు, ఆ ఇద్దరికీ వినేందుకు ఎంత వ్యవధి ఉందో పోల్చి చూడాలి.