అడవికి ధర కట్టే లెక్క

కార్తీకమాసం వస్తే వనభోజనాలకి ఉసిరిచెట్టు నీడ వెతుక్కునే వాళ్ళం మనం. ఐర్లండులో కార్తీకం చలికి వణికిస్తుంది కనక, నేస్‌లో ఉన్నవాళ్ళు ఆ ముచ్చట వేసవిలో, కారులో అరగంట లోపు దూరంలో ఉన్న డొనడే అడవిలో తీర్చుకోవచ్చు. ఒకప్పటి ఐల్మర్ కుటుంబపు ఎస్టేటు అది. ఇప్పుడు క్వీల్చ అనే ప్రభుత్వ అటవీ సంస్థ చూసుకుంటున్న 243 హెక్టార్ల వనం. అందులోని కలపకి బజారులో ధర ఉంది. మరి నీడకో?

ఈ ప్రశ్నకి 1947లో హెరాల్డ్ హోటలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక ఉత్తరంలో దారి చూపించాడు. 1959లో మేరియన్ క్లాసన్ దాన్ని పద్ధతిగా మలిచాడు. సూత్రం తేలికే: అడవికి టిక్కెట్టు లేకపోయినా, వెళ్ళడానికయ్యే పెట్రోలూ, సమయమూ ఖర్చే కదా! పక్క ఊరివాడికి మూడు యూరోలు, దూరపువాడికి ఎనిమిది అవుతుందనుకుందాం. దూరపువాడు ఎనిమిదిచ్చి వస్తున్నాడంటే, అలాంటి అభిరుచే ఉన్న పక్క ఊరివాడికి అయిదు యూరోలు మిగిలినట్టే. ఇలా అందరికీ మిగిలినది కూడితే అదే అడవి ఇచ్చే విలువ.

పూర్వం మ్యాపు మీద వృత్తాలు గీసి దూరం కొలిచేవారు. కానీ కారు కాకిలా ఎగరదు. అందుకే 1990ల నుంచి జీఐఎస్ వాడుతున్నారు. అది రోడ్ల వెంబడి ప్రయాణ సమయం లెక్కగడుతుంది. ఏ పేటలో ఎందరున్నారో జనాభా లెక్కల్లోంచి తీసుకుంటుంది. దగ్గర్లో వేరే అడవి ఉందేమో కూడా చూస్తుంది.

క్వీల్చ, ఐరిష్ స్పోర్ట్స్ కౌన్సిల్ చేయించిన 2005 నాటి అధ్యయనం వేరే తోవలో వెళ్ళి, దేశంలోని అడవులకి ఏటా 1.8 కోట్ల సందర్శనలు, వాటి విలువ 9.7 కోట్ల యూరోలు అని తేల్చింది. అంటే ఒక్కో సందర్శనకి అయిదు యూరోల పైచిలుకు. ఎవరి జేబులోకీ రాని డబ్బిది. అయినా చెట్లు కొట్టాలా, ఉంచాలా అన్న చర్చలో ఈ అంకె లేకపోతే నీడ విలువ సున్నా అయిపోతుంది.

అయితే ఈ లెక్కకి చిక్కులున్నాయి. గుంటూరు నుంచి మనవణ్ణి చూడ్డానికి వచ్చిన తాతగారు అడవికీ వస్తే, విమానం టిక్కెట్టు అడవి ఖాతాలో రాయలేం. కారు లేక రాలేకపోయిన కుటుంబం ఈ లెక్కలో అసలు కనపడదు. వాళ్ళకి అడవి అక్కర్లేదని కాదు, దారి లేదని. అందుకని ఈసారి ఎవరైనా కారు పార్కు దగ్గర కాగితం పట్టుకుని "ఎక్కణ్ణించి వచ్చారు?" అని అడిగితే విసుక్కోకండి. ఓపిగ్గా చెప్పండి. మన వనభోజనం కూడా ఆ లెక్కలోకి ఎక్కాలి.