కొలచల వారిది ఏ ఊరు?

తెలుగువాళ్లు ఇద్దరు కొత్తగా కలిస్తే పేర్లు చెప్పుకున్న వెంటనే వచ్చే ప్రశ్న, "ఇంటిపేరు ఏమిటండీ?" అని. జవాబు వినగానే అడిగినాయన మనసులో జిల్లా, కులం, చుట్టరికం అన్నీ లెక్క కట్టేసుకుంటాడు. కందుకూరి అనో వేమూరి అనో చెబితే ఆయనకు పని తేలిక. కొలచల అని చెబితే మాత్రం కాస్త ఆగుతాడు. ఆగి, "తమిళులా?" అనైనా అంటాడు, "ఓహో, మల్లినాథసూరి వంశమా!" అనైనా అంటాడు. కొంచెం సంస్కృతం చదివినవాడైతే "ఏదో కొండ పేరు కదూ" అని తేల్చేస్తాడు. అరుదైన ఇంటిపేర్లన్నిటి చుట్టూ ఇలాంటి ఊహలే అల్లుకుని ఉంటాయి. వాటిని విప్పి చూడటానికి ఈ పేరు బాగా పనికొస్తుంది. ఎందుకంటే దీనికి సుమారు ఆరువందల ఏళ్ల నాటి రాతపూర్వకమైన ఆధారం ఉంది. ఆ భాగ్యం అన్ని ఇంటిపేర్లకూ లేదు.

అపోహ: కోలాచలం ఒక కొండ పేరు.

సింహాచలం, అరుణాచలం, వేంకటాచలం విని విని అలవాటైన చెవి, కొలచలకు సంస్కృత రూపమైన కోలాచలం కూడా కొండేనని నమ్ముతుంది. సంస్కృతంలో కోలం అంటే వరాహం, అచలం అంటే పర్వతం. ఇంకేం, వరాహగిరి ఒకటి సిద్ధం! పండితులు ఎక్కువగా అంగీకరించే మాట వేరు. ఇది మెదక్ జిల్లాలోని కొల్చారం అనే ఊరి పేరు. కుల్చారం అని కూడా అంటారు. ఇప్పుడది మండల కేంద్రం. అక్కడ తవ్వకంలో బయటపడిన పెద్ద పార్శ్వనాథుడి విగ్రహం కోసం జైన యాత్రికులు వస్తుంటారు కాబట్టి, కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథుడి పేరు వినని వాళ్లకు కూడా ఆ ఊరు తెలుసు. సంస్కృతంలో రాసేవాడు తన తెలుగు ఊరిపేరును ఆ భాషకు నప్పేలా దిద్దుకోవడం కొత్త కాదు. ఓరుగల్లును ఏకశిలానగరం చేసినవాళ్లు కొల్చారాన్ని కోలాచలం చేయలేరా? ముందు ఊరు, తర్వాత సంస్కృతం. సంస్కృత రూపాన్ని విడగొట్టి దాని అర్థంలోంచి మూలస్థానాన్ని లాగితే లేని కొండ ఎక్కాల్సి వస్తుంది.

అపోహ: ఇది తమిళ దేశం నుంచి వచ్చిన పేరు.

దీనికి కారణం పటం. కన్యాకుమారి జిల్లా తీరంలో కొలచెల్ అనే రేవు ఉంది. 1741లో తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ డచ్చివాళ్లను ఓడించింది అక్కడే. పేరు అంత దగ్గరగా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ ఆ యుద్ధానికి మూడు శతాబ్దాల ముందే తెలుగు నేల మీది పండిత కుటుంబం ఒకటి ఈ పేరు పెట్టుకుని పుస్తకాలు రాసింది. రెండు ఊళ్ల పేర్లు ఒకలా వినిపించడం చరిత్ర కాదు, చెవికి కలిగే భ్రమ మాత్రమే. ఇంటిపేర్ల విషయంలో ఈ భ్రమ మన రాష్ట్రాల లోపల కూడా చిక్కు తెస్తుంది. కందుకూరు అనే ఊరు దక్షిణ కోస్తాలో ఒకటి ఉంది, రంగారెడ్డి జిల్లాలో ఇంకొకటి ఉంది. కందుకూరి వారందరినీ ఒకే ఊరికి కట్టబెట్టడం కుదరదు.

అపోహ: ఇంటిపేర్లు ఇంగ్లీషువాడి కాలంలో, బడి రిజిస్టర్ల కోసం పుట్టాయి.

కొందరు ఇంకో కొసకు పోయి శాతవాహనుల నాటివంటారు. రెండూ సరికావు. కాకతీయుల కాలం శాసనాల్లో రేచర్ల, మల్యాల, విరియాల, గోన లాంటి వంశనామాలు కనిపిస్తాయి. 1213లో రామప్ప గుడి కట్టించిన సేనాని రుద్రుణ్ని మనం ఇవాళ్టికీ రేచర్ల రుద్రుడనే అంటున్నాం. అయితే ఇవి ఎక్కువగా ఏలినవాళ్ల, వారి సామంతుల పేర్లు. చదువుకునే కుటుంబాల సంగతి తెలియాలంటే పుస్తకాల చివర్లు చూడాలి.

మల్లినాథుడు 14, 15 శతాబ్దాల మధ్య జీవించాడు. రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశాలకు సంజీవని, కిరాతార్జునీయానికి ఘంటాపథం, శిశుపాలవధకు సర్వంకష, నైషధానికి జీవాతువు ఆయన రాసిన వ్యాఖ్యానాలు. కాళిదాసును కాశీలో చదివినా కంచిలో చదివినా మధ్యలో ఈ మెదక్ ఆయనే ఉంటాడు. తెలుగు లిపిలో వావిళ్లవారు వేసిన రఘువంశం ఎవరింట్లోనైనా దొరికితే, ఏదైనా ఒక సర్గ చివర గద్యం చూడండి. మహామహోపాధ్యాయ బిరుదు తర్వాత, మల్లినాథ అనే పేరుకు ముందు, కోలాచల ఉంటుంది. ఇవాళ మనం ఇంటిపేరు ఎక్కడ పెడతామో సరిగ్గా అక్కడే.

ఇంకా గట్టి సాక్ష్యం ఆయన కొడుకు కుమారస్వామిది. విద్యానాథుడి ప్రతాపరుద్రీయానికి రత్నాపణం అనే వ్యాఖ్య రాస్తూ ఆయన తన వంశక్రమం చెప్పుకున్నాడు. వంశానికే కోలచల అని పేరు పెట్టి చెప్పాడు. దాని మొదట్లో ఇంకో మల్లినాథుడున్నాడు. శతావధాని, కాకతీయ రాజు వీరరుద్రుడి సత్కారం పొందినవాడు. అంటే కాకతీయుల చివరి రోజుల నుంచి తరాలను లెక్కపెట్టుకున్న కుటుంబం అది. ఊరిపేరు అప్పటికే మనిషిని వదిలి ఇంటికి అంటుకుంది. నన్నయకు నికరమైన ఇంటిపేరు తెలియదు, తిక్కనకు కొట్టరువు ఉంది. ఈ ఇద్దరు కవులను వరసగా చూసినా ఈ మార్పు ఏ కాలంలో జరిగిందో అందుతుంది.

అపోహ: ఇంటిపేరున్న ఊళ్లో ఆ ఇంటివాళ్లు ఉండాలి.

నా దృష్టిలో అన్నిటికంటే బలంగా పాతుకున్న అపోహ ఇదే. ఊళ్లో ఉన్నవాణ్ని ఊరిపేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికి? కొల్చారంలో అందరూ కొల్చారం వాళ్లే. అక్కణ్నుంచి కదిలి ఇంకో ఊరు చేరిన రోజున ఆ ఊరివాళ్లు "కొల్చారం నుంచి వచ్చినాయన" అంటారు. రెండు తరాలకు అది ఇంటిపేరవుతుంది. ఊరిపేరుతో ఉన్న ఇంటిపేరు మీ పెద్దలు ఏ ఊరు వదిలేశారో చెబుతుంది, ఏ ఊళ్లో స్థిరపడ్డారో చెప్పదు. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది, రాధాకృష్ణన్ 1888లో పుట్టింది తిరుత్తణిలో. కాకర్ల ప్రకాశం జిల్లాలో ఉంది, ఆ ఇంటిపేరుగల త్యాగరాజు పుట్టింది తిరువారూరులో, పాడింది తిరువయ్యారులో. ఘంటసాల కృష్ణాజిల్లాలో బౌద్ధస్తూపం ఉన్న ఊరు, గాయకుడు ఘంటసాల పుట్టింది చౌటపల్లిలో. ఇలా చెప్పుకుంటూ పోతే ఈ వ్యాసం సరిపోదు.

కొలచల పేరు కూడా మెదక్‌లో కంటే బయటే ఎక్కువ వెలిగింది. బళ్లారిలో కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) వకీలు, నాటకకర్త. విజయనగర పతనాన్ని రామరాజు చరిత్రగా రంగం మీదికి తెచ్చాడు. చారిత్రక నాటక పితామహుడని పేరు పడ్డాడు. అదే ఊళ్లో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదిని సభ నడుపుతుంటే, పోటీగా ఈయనది సుమనోరమ సభ. బళ్లారి 1953 అక్టోబరులో మైసూరు రాష్ట్రంలో కలిసింది. కాబట్టి ఇవాళ ఎవరైనా జిల్లాలవారీగా లెక్క తీస్తే తెలుగు నాటకానికి పెద్దదిక్కైన ఈ ఇంటిపేరు కర్ణాటక పద్దులో పడుతుంది! ఇంటిపేర్ల పటాలు చూసేటప్పుడు సరిహద్దులు కూడా కదిలాయన్న సంగతి గుర్తుండాలి.

అపోహ: కొలచల వారందరూ మల్లినాథుడి వారసులే.

కావచ్చు, కాకపోవచ్చు అనడం తప్పించుకోవడం కాదు. ఊరు విడిచి వెళ్లేది ఒక్క కుటుంబమే కాదు గదా. ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కులాలవాళ్లు బయల్దేరి అదే పేరు మోసుకుపోతారు. ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్నచోట ఒకే ఇంటిపేరు పలు కులాల్లో, పలు గోత్రాల్లో కనబడటానికి కారణం అదే. బ్రాహ్మణుల పెళ్లిమాటల్లో ముందు గోత్రం అడుగుతారు, ఇంటిపేరు కలిసినా గోత్రం వేరైతే సంబంధం కలుపుకుంటారు. చాలా వ్యవసాయ కులాల్లో పద్ధతి తిరగబడుతుంది. అక్కడ ఇంటిపేరే గోత్రం పని చేస్తుంది, అది కలిస్తే అన్నదమ్ముల వరస. అందుకని "ఒకే ఇంటిపేరు, ఒకే రక్తం" అనే సూత్రం ఒక కులంలో నడిచినా పక్క కులంలో నడవదు. దత్తతలు వేరే. దత్తు వెళ్లిన పిల్లవాడు ఒక ఇంటి రక్తంతో ఇంకో ఇంటిపేరు కొనసాగిస్తాడు.

మల్లినాథుడు తన వ్యాఖ్యానాలకు ఒక నియమం పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయడు, అక్కర్లేనిది చెప్పడు. ఆయన పేరుతో వంశవృక్షాలు గీసేవాళ్లు ఈ నియమాన్ని కూడా వారసత్వంగా తీసుకుంటే బాగుండును.

అపోహ: కొలచల, కోలాచలం, కొలచెల వేర్వేరు ఇంటిపేర్లు.

ఇది త్వరగా తేలిపోయే విషయం. పలికేటప్పుడు దీర్ఘం జారుతుంది, సున్నా ఎగిరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే కొ, కో తేడా ఉండదు, చ, చా తేడా ఉండదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో గుమాస్తా ఎలా రాస్తే పాస్‌పోర్టులో అలా దిగుతుంది. ఒకే తాత మనవలు రెండు స్పెల్లింగులతో రెండు దేశాల్లో ఉండటం ఇవాళ మామూలే.

అపోహ: ఇంటిపేరు లేనిచోట ఆ ఇంటివాళ్లు లేనట్టే.

ఇక్కడ కొలచల సీతారామయ్య కథ చెప్పుకోవాలి. 1899లో ఉయ్యూరులో పుట్టాడు. చదువు కోసం అమెరికా వెళ్లాడు. అక్కడ కమ్యూనిస్టు భావాల వైపు మళ్లి, చివరికి సోవియట్ రష్యా చేరాడు. ఇంజన్లలో వాడే ఇంధనాలు, కందెన నూనెల రసాయనశాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. కెమ్మోటాలజీ అనే ఆ శాఖకు పితామహుడన్నారు. 1977లో మాస్కోలో పోయాడు. రష్యన్ పుస్తకాల్లో ఆయన్ని కొలచల అనే పేరుతో వెతికితే దొరకడు. అక్కడ ఆయన కాన్‌స్తంతీన్ సెర్గెయేవిచ్ రామయ్య. పొడి అక్షరాలు చూడండి: కె.ఎస్. కొలచలలోని కె అలాగే ఉంది, సీతారామయ్యలోని ఎస్ అలాగే ఉంది. లోపలి మనుషులు మారిపోయారు! రష్యన్ పద్ధతిలో చివర ఇంటిపేరు ఉండాలి కనుక సొంత పేరు తోక రామయ్య ఆ స్థానంలోకి వచ్చింది. మెదక్ నుంచి మోసుకొచ్చిన పేరు ఒక్క అక్షరమై మిగిలింది.

ఇది ఆయన ఒక్కడికే జరిగింది కాదు. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు కుంచించుకుపోయి ఒక పొడి అక్షరమైంది, తర్వాత తండ్రిపేరు పొడి అక్షరం దాన్నీ తోసేసింది. చెరకు తోటల కూలికి మారిషస్, దక్షిణాఫ్రికాలకు ఓడలెక్కినవాళ్ల సంగతి ఇంకా దూరం. పత్రాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, కులం, ఊరు రాశారు. ఇంటిపేరుకు ప్రత్యేకంగా చోటు లేదు. తర్వాతి తరాలకు ముత్తాత సొంత పేరో, నాయుడు లాంటి కులనామమో ఇంటిపేరైంది. డర్బన్‌లో నాయుడూలు వేలల్లో ఉన్నారు, వాళ్ల పాత తెలుగు ఇంటిపేర్లు చాలావరకు రేవులోనే దిగిపోయాయి.

అపోహ: అరుదైన ఇంటిపేరంటే గొప్ప వంశం.

అరుదు కావడానికి గొప్పతనం అక్కర్లేదు, మగపిల్లలు తక్కువైతే చాలు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళ్లే పేరు, ఒక తరంలో అందరికీ కూతుళ్లే పుడితే ఆగిపోతుంది. ఇంగ్లండులో పెద్ద కుటుంబాల పేర్లు ఎందుకు మాయమవుతున్నాయని 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్న వేశాడు. హెన్రీ వాట్సన్ అనే మతాచార్యుడు దానికి గణితం కట్టాడు. 1874లో ఇద్దరూ కలిసి అచ్చువేశారు. లెక్కలో ఒక పొరపాటు దొర్లి ఏ ఇంటిపేరైనా చివరికి అంతరించాల్సిందేనని తేల్చారు, తర్వాతివాళ్లు దాన్ని దిద్దారు. సగటున ఒక్కొక్కరికి ఒకరి కంటే ఎక్కువమంది కొడుకులుంటే పేరు నిలిచే అవకాశం ఉంది, అయినా అదృష్టం బాగాలేక పోవచ్చు కూడా. కొన్ని పేర్లు వేలల్లో ఉండటం, కొన్ని వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉండటం చాలావరకు ఈ పాచికలాటే. రాజులిచ్చిన బిరుదుల వల్ల కాదు.

అపోహ: ఎక్కడ ఎక్కువమంది ఉంటే అదే మూలస్థానం.

ఇంటర్నెట్‌లో ఇంటిపేరు కొడితే రంగుల పటం వస్తుంది. ముదురు రంగు హైదరాబాదు మీదో, కాలిఫోర్నియా మీదో ఉంటుంది. అది ఉద్యోగాల పటం. అమెరికా జనగణన శాఖ 2000, 2010 లెక్కల నుంచి నూరుమందికి తక్కువ కాకుండా ఉన్న ఇంటిపేర్ల జాబితాలు ప్రకటించింది. అరుదైన తెలుగు ఇంటిపేర్లు నూరు దాటకపోతే ఆ జాబితాలో ఉండనే ఉండవు. మన జనగణన అసలు ఇంటిపేర్ల పట్టికలు ప్రకటించదు. పటాలు తయారుచేసేవాళ్లు ఓటర్ల జాబితాలు, టెలిఫోన్ పుస్తకాలు లాంటి వాటి మీద ఆధారపడి అంచనా వేస్తారు. ఇంటిపేరు ముందుందో వెనకుందో కంప్యూటరుకు తెలియక సుబ్బారావు కూడా ఇంటిపేరై కూర్చుంటాడు.

నిజంగా మూలం కావాలంటే వెతకాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఊళ్ల పేర్ల మీద జరిగిన పరిశోధనలు మొదటివి. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊర్ల పేర్ల మీద చేసిన పని అలాంటిదే. 1821లో పోయిన సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా సేకరింపజేసిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రెండోవి. కరణాల పేర్లు, ఇనాములు ఎవరికి ఎప్పుడు వచ్చాయన్నది వాటిలో ఉంటుంది. శాసనాలు, తాళపత్రాల చివరి గద్యాలు మూడోవి. వీటిలో మీ ఇంటిపేరు, పక్కన ఊరు, పక్కన గోత్రం మూడూ కలిసి దొరికితే అది ఆధారం. పేరు ఒక్కటే దొరికితే ఇంకా వెతకాలి.