వాచ్ ఇచ్చిన 270 కేలరీలు తినొచ్చా?

సాయంత్రం ఆరింటికి గ్రౌండ్ నుంచి వచ్చి ఫోన్ తీస్తే, డైట్ యాప్‌లో "270 కేలరీలు అదనం" అని కనిపిస్తుంది. క్యాంటీన్‌కి వెళ్లడానికి ఇంకేం కావాలి? తీరా రాత్రి పడుకోబోతూ చూస్తే ఆ 270 కాస్తా 185 అయి కూర్చుంటుంది. తిన్నాక లెక్క మార్చేస్తే ఎలా అని వాచ్‌ని తిట్టుకునే వాళ్లు ప్రతి హాస్టల్లో ఉంటారు. నిజానికి అక్కడ మోసం ఏమీ లేదు, ఒక తీసివేత లెక్క ఉంది. అదేంటో చూద్దాం.

ముందు డైట్ యాప్ సంగతి. దానికి మన గురించి తెలిసింది మనం చెప్పినంతే. వయసు, ఎత్తు, బరువు తీసుకుని, కదలకుండా పడుకున్నా శరీరానికి రోజుకి ఎంత శక్తి కావాలో అంచనా వేస్తుంది. దీనికి ఎక్కువగా వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. కిలోల్లో బరువుని 10తో, సెంటీమీటర్లలో ఎత్తుని 6.25తో హెచ్చించి కలపాలి. అందులోంచి వయసుకి 5 రెట్లు తీసేయాలి. చివర్లో మగవాళ్లకైతే 5 కలపాలి, ఆడవాళ్లకైతే 161 తీసేయాలి. 20 ఏళ్లు, 70 కిలోలు, 175 సెంటీమీటర్ల అబ్బాయికి సుమారు 1700 వస్తుంది. "నేను రోజంతా కూర్చునే ఉంటాను" అని అతను సెట్టింగ్స్‌లో చెప్పాడనుకోండి, దాన్ని 1.2తో హెచ్చిస్తే 2040. బరువు తగ్గాలని 500 కోత పెట్టుకుంటే, తినాల్సింది 1540.

వాచ్ దారి వేరు. అది చేతి కదలికనీ, చర్మం మీద పడే ఆకుపచ్చ వెలుగుతో గుండె వేగాన్నీ చూసి, ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో అంచనా కడుతుంది. మనవాడు ఆరింటికి 1800 ఖర్చు పెట్టాడని అది చెప్పిందనుకుందాం. రోజులో ఇంకా ఆరు గంటలు మిగిలున్నాయి. ఆ ఆరు గంటలకీ డైట్ యాప్ తన పాత లెక్కే వేసుకుంటుంది: 2040ని 24తో భాగిస్తే గంటకి 85, అంటే 510. మొత్తం 2310. ఇందులోంచి తను ముందు అనుకున్న 2040 తీసేస్తే 270. మైఫిట్‌నెస్‌పాల్ లాంటి యాప్‌లలో కనిపించే కేలరీ అడ్జస్ట్‌మెంట్ ఇదే.

అంటే అది షటిల్ ఆడినందుకు వచ్చిన బహుమతి కాదు, రెండు అంచనాల మధ్య తేడా. రాత్రి ఎందుకు తగ్గిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఆరు తర్వాత మనవాడు మంచం ఎక్కి సిరీస్ చూశాడు. గంటకి 85 బదులు సుమారు 71 మాత్రమే ఖర్చయింది. ఆరు గంటలకి 425. మొత్తం 2225, తేడా 185. అంతే.

ఇది అర్థమైతే మిగతా చిక్కులు కూడా విడిపోతాయి. సెట్టింగ్స్‌లో "చురుగ్గా ఉంటాను" అని పెట్టుకుంటే, మూడు కిలోమీటర్లు నడిచినా అడ్జస్ట్‌మెంట్ సున్నా రావచ్చు, ఎందుకంటే ఆ నడక ముందే లెక్కలో కలిసిపోయింది. పరీక్షల ముందు రోజంతా కుర్చీలోనే ఉంటే తేడా మైనస్‌లోకి పోతుంది. మైనస్ ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే యాప్ అది చూపించదు. వాచ్ లెక్కేసిన ఆటనే మళ్లీ చేత్తో ఎంటర్ చేస్తే, ఒకే ఆటకి రెండుసార్లు కేలరీలు పడే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ 270ని ఎంత నమ్మొచ్చు? ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఎర్రర్ లెక్కలు చేశాం కదా. దగ్గర దగ్గరగా ఉన్న రెండు పెద్ద కొలతల్ని తీసివేస్తే, మిగిలిన చిన్న అంకెలో తప్పు శాతం బాగా పెరిగిపోతుంది. ఆ మొత్తం 2310లో 10 శాతం తేడా ఉన్నా అది 231, అంటే దాదాపు మొత్తం అడ్జస్ట్‌మెంట్ అంత! 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి పెట్టుకునే ఏడు పరికరాల్ని 60 మంది మీద పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో కొలిచాయి. ఖర్చైన శక్తి దగ్గరికి వచ్చేసరికి, అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది.

తినే వైపు లెక్క కూడా అంత గట్టిదేం కాదు. నూనె గ్రాముకి 9 కేలరీలు. మెస్ పప్పులో పోపుకి ఎంత నూనె పోశారో వండిన అన్నకే తెలియాలి, యాప్‌కేం తెలుసు?

అలాగని వాచ్‌ని డ్రాయర్‌లో పడేయక్కర్లేదు. మన భాషలో చెప్పాలంటే, ఇది ఓపెన్ లూప్‌లో నడుస్తున్న సిస్టమ్, ఫీడ్‌బ్యాక్ ఇవ్వాలి. ఆ ఫీడ్‌బ్యాక్ బరువే. రోజూ పొద్దున్నే ఒకే సమయానికి చూసుకుని వారం సగటు తీయండి. అడ్జస్ట్‌మెంట్‌లో సగం మాత్రమే తింటూ మూడు నాలుగు వారాలు గమనించండి. రోజుకి 500 కోత నిజంగా పడుతుంటే వారానికి సుమారు అర కిలో తగ్గాలి. అంతకన్నా వేగంగా తగ్గుతుంటే ఇంకొంచెం తినండి. అసలు తగ్గకపోతే లెక్క ఎక్కడో జారుతోందని అర్థం.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రాత్రి అడ్జస్ట్‌మెంట్ తగ్గిందని భోజనం మానేసి పడుకునే వాళ్లు మన మధ్యే ఉన్నారు. ఇంత తప్పుకి అవకాశమున్న అంకె కోసం కడుపు మాడ్చుకోవడం న్యాయం కాదు. తల తిరుగుతున్నా, అమ్మాయిలకి నెలసరి గతి తప్పినా, ప్లేట్ ముందు కూర్చుంటేనే భయమేస్తున్నా యాప్ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రూమ్మేట్ అలా ఉంటే మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లండి. ఆకలి కూడా ఒక సెన్సరే, వాచ్ కన్నా చాలా పాతది.